చిమ్నీలో మొగుడు

"ముందు ఆ పొయ్యి పీకెయ్యి. తర్వాత చిమ్నీ పగలగొట్టు. త్వరగా, బాబూ!"

వీధి తలుపు తాళం పగలగొట్టి లోపలికొచ్చిన మేస్త్రీ సంచీ దించి, గోడకి చెవి ఆనించాడు. లోపల్నుంచి మూలుగు వినిపించింది.

"సార్ ఇరుక్కుని ఎంతసేపైందమ్మా?"

"గంట దాటింది. పైనుంచి దిగారు. నడుం దగ్గర పట్టేసింది. తాళంచెవి కూడా ఆయన జేబులోనే ఉండిపోయె."

"చిమ్నీ పనికి మేం లేమా అమ్మా? ఆయనెందుకు దిగడం?"

"అన్నీ తనే చెయ్యాలంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతే. వద్దంటే వింటేగా!"

"ఫైరింజన్‌ని పిలవాల్సింది."

"వాళ్లొచ్చేలోగా ఊపిరి పోతే?"

పోత ఇనుప పొయ్యి. చిన్నదే గానీ, కాళ్లు నేలలోకి సిమెంటుతో బిగించి ఉన్నాయి.

"లాగితే టైల్స్ పగులుతాయి."

"పగలనీ."

మేస్త్రీ గునపం వేశాడు. నిగనిగలాడే టైల్స్ పెళపెళా విరిగాయి. ఆవిడ వాటివైపు చూడనైనా లేదు. పొయ్యి పక్కకి దొర్లింది.

చిమ్నీ మొదట్లో ఇటుకలు ఊడదీయడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి గోడ మీద పగులు పాములా పైకి పాకింది. మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది.

"సార్‌కి ఏం కాదు గానీ, ఇంకో వరస తీస్తే ఈ పక్క గోడంతా దిగిపోతుంది. రేపు నన్నంటే లాభం లేదు."

"గోడ కాదు, ఇల్లే పోనీ! నాకు ఆయన కావాలి."

మేస్త్రీ గుండె కరిగిపోయింది. "మా ఆవిడైతే ముందు గోడ సంగతి చూసుకునేది" అని గొణుక్కుంటూ సుత్తి ఎత్తాడు.

లోపల మూలుగు ఆగిపోయింది.

ఆవిడ కంతలో తల పెట్టింది. "ఏవండీ! పలకండి! ఏవండీ!"

మసి మాత్రమే రాలింది.

"కొట్టు బాబూ, కొట్టు!"

గోడ కూలింది. నల్లటి దుమ్ములో రెండు కాళ్లు వేలాడాయి. ఆవిడ మంచం మీది పట్టు దుప్పటి లాక్కొచ్చి కింద పరిచింది.

"కొత్తదమ్మా!"

"అయితేనేం? లాగు!"

చెరో కాలూ పట్టి లాగారు. మసిమూటలా జారిపడ్డాడు మొగుడు. కదల్లేదు. ఆవిడ ఆయన గుండెల మీద బాదింది. మళ్లీ బాదింది.

అప్పుడు దగ్గాడు.

"గట్టి పిండమే!" మేస్త్రీ చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "ఇకనైనా మా పని మాకొదిలెయ్యండి సార్, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ కళ్లొత్తుకుంది. "నీ రుణం ఉంచుకోను బాబూ. ఆ పొయ్యి నువ్వే పట్టుకెళ్లు."

"పొయ్యి మొత్తమే?" మేస్త్రీ మొహం చాటంతయింది. ఆవిడ మనసు ఎక్కడ మారుతుందోనని గబగబా దొర్లించుకుపోయి, తోపుడు బండికెక్కించుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

బండి చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఆగి, ఆవిడ మొగుడి చెవి దగ్గర వంగింది.

"ఇంక లేవండి, ఈ ఇంటివాళ్లు వచ్చేలోగా బీరువా సంగతి చూసుకుని బయటపడదాం."