దొర కారు ప్లగ్గులు

గని స్టోరు బల్ల మీద మెకానిక్ ఆగయ్య నాలుగు స్పార్క్ ప్లగ్గులు పెట్టాడు. మసిపట్టి ఉన్నాయి. పక్కనే పగుళ్లు తేలిన వైర్ల చుట్ట. పాతవి అప్పజెప్తేనే కొత్తవి ఇవ్వాలన్నది స్టోరు రూలు.

"మళ్లీ దవాఖాన బండికేనా?" స్టోర్‌కీపర్ ఉమామహేశ్వర్ విసుక్కున్నాడు. "దానికి కొత్తవి లేవని నిన్ననే చెప్పిన కదా. గీకి పెట్టుకో."

"నిన్న దానికే అడిగిన సారు. ఇయ్యాల దొర కారుకు."

మేనేజరు దొర కారు అనగానే ఉమామహేశ్వర్ లేచి కొత్త పెట్టె తనే విప్పాడు. ఆగయ్య తొందరపడలేదు. ఒక్కో ప్లగ్గునూ వెలుతురుకు పట్టి చూశాడు. వైర్లను వంచి చూసి, బిరుసుగా ఉన్నదాన్ని వెనక్కి నెట్టాడు.

ఉమామహేశ్వర్‌కు అనుమానం వచ్చింది. "దొర కారుకు పోయిన నెలనే కొత్తవి ఇచ్చిన. అప్పుడే ఇంత మసా?"

"అవి మంచిగనే ఉన్నయి. రెండూ అంబాసడర్లే గద, పొద్దుగాల దవాఖాన బండికి ఎక్కించిన. దాని పాతవి దొర కారుకు పెట్టిన. ఇవి దొర కారుకెల్లే విప్పుకొచ్చిన. రూలు ప్రకారం కొత్తవి ఇయ్యాలె."

"నీ నౌకరి పోతది ఆగయ్యా!"

"పోతే పోనియ్యిండ్రి. మొన్న బొగ్గు బాయిల బండ పడి సైరన్ మోగితే దవాఖాన బండి స్టార్టు కాలే. మనిషిని మంచం మీద మోసుకపోయినం. తొవ్వలనే పానం పోయింది."

ఉమామహేశ్వర్ కొత్త ప్లగ్గుల మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆగయ్య పాతవాటినే తువ్వాలలో మూటగట్టుకున్నాడు.

"ఇయ్యకున్నా సరే. ఈసారి కదలనిది దొర కారయితది."