ఇక్కడ ఆగకండి

సత్రం గుమ్మం ముందే ఆ పెద్దాయన బురదలో జారిపడ్డాడు.

లోపల బీరు తాగుతున్నవాళ్లు పకపకా నవ్వారు. సత్రం నడిపే డోర్కస్ మాత్రం పరుగున వెళ్లి రెక్క పట్టుకుని లేపింది.

"మా ఊరి బురదకి కొత్తవాళ్లంటే మహా ప్రేమ లెండి. దెబ్బేం తగల్లేదు కదా?"

"మెత్తగానే ఉందమ్మా. పడటానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు."

డోర్కస్‌కి నవ్వొచ్చింది. పోయిన భర్త కోటు తెచ్చి తొడిగింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి కుందేలు కూర, రొట్టె పెట్టింది.

"ఏం పని చేస్తావు తాతా?" అనడిగాడు కమ్మరి ఏమస్.

"తప్పులు దిద్దుతుంటాను."

"బడిపంతులువన్నమాట."

పెద్దాయన కాదనలేదు. గిన్నె ఖాళీ చేసి మళ్లీ చాపాడు.

"ఇంత కమ్మగా వండుతూ బల్లలన్నీ ఖాళీగా పెట్టుకున్నావేంటమ్మా?"

ఏమస్ చెంబు ఠపీమని బల్ల మీద పెట్టాడు.

"ఆ పుణ్యమంతా పుస్తకం రాసినోడిది," అన్నాడు ఏమస్. "ఇంగ్లండులో ఊరూరి గురించీ రాశాడు. మా వెదర్‌స్టోక్ గురించి ఏం రాశాడో వింటావా?"

చదువు రానివాళ్లకి కూడా అది కంఠతా వచ్చు. అందరూ ఒక్క గొంతుతో అప్పజెప్పారు.

"వెదర్‌స్టోక్. బురద ఊరు. బీరు పులుపు, జనం అంతకన్నా పులుపు. ఇక్కడ ఆగకండి."

"ఆ చివరి ముక్కే నా కొంప ముంచింది," అంది డోర్కస్. "బళ్లు ఈ దారినే పోతాయి. గుర్రాలకి నీళ్లు పట్టడానికైనా ఆగవు. వచ్చే ఈస్టర్ దాకా చూస్తాను. తర్వాత తాళమేసి చెల్లెలి పంచన చేరడమే."

"బీరు పులిసిన రోజున వచ్చాడేమో ఆయన."

"వస్తేగా! వానలో బండి కిటికీలోంచి చూసి రాసిపడేశాడు. ఆ బీరెక్కడ తాగాడో దేవుడికే తెలియాలి."

పెద్దాయన చెంచా కింద పెట్టాడు.

"చూడకుండా రాసేవాణ్ణి ఏం చేసినా పాపం లేదు."

"చిక్కితే బాతుల గుంటలో ముంచుతాం," అన్నాడు ఏమస్.

"ఒకసారి చాలదు నాయనా. రెండోసారి ముంచితేగానీ అలాంటివాళ్లకి బుద్ధి రాదు."

ఈ తాత అందరికీ తెగ నచ్చేశాడు. ఏమస్ ఆయన చేతికి నిండు చెంబందించాడు.

"రోజూ తాగేముందు ఇదే మా మొక్కు తాతా. ఆ రాతగాడి చెయ్యి పడిపోవాలి!"

అందరితో పాటు పెద్దాయనా తాగాడు. కాస్త పొలమారింది.

మర్నాడు ఊరంతా తిరిగాడు. ముసలమ్మల కబుర్లు విన్నాడు, చర్చి గంటలు మోగించి చూశాడు, ఏమస్ చేతిలో పాచికలాటలో ఓడిపోయాడు. సాయంత్రం కర్ర పుచ్చుకుని నడిచి వెళ్లిపోయాడు.

ఈస్టర్ ఇంకా వారముందనగా సత్రం ముందు బండి ఆగింది. వెనకే ఇంకొకటి. దిగినవాళ్లంతా కుందేలు కూరే అడిగారు. వడ్డించలేక డోర్కస్ ఏమస్ చేతికీ గరిటె ఇచ్చింది.

"ఏంటీ వింత?" అనడిగింది బండివాణ్ణి.

"ఆ ఊళ్ల పుస్తకం కొత్త అచ్చు చూడలేదా? 'వెదర్‌స్టోక్. బురద నిజమే, అయినా దిగండి. డోర్కస్ వంట తినకుండా ఈ దారిన పోయినవాడు దురదృష్టవంతుడు.' రాసినాయన తన చేత్తోనే మార్చి రాశాడు."

డోర్కస్ కళ్లు చెమర్చాయి.

"ఈసారి ఇటొస్తే చెప్పు, వేడివేడిగా వండిపెడతాను."

"ఇంకెక్కడి రాక? అచ్చుకిచ్చి ఇంటికెళ్లి మంచమెక్కాడు. క్రిస్మస్‌కి ముందే పోయాడు పాపం."

ఏమస్ టోపీ తీశాడు.

"ఒక్కపూటైనా మా ఊళ్లో ఉండి వెళ్లుంటే బాగుండేది," అంది డోర్కస్.

"ఉండకపోవడమేంటమ్మా? బడిపంతులనుకుని నువ్వు మీ ఆయన కోటు తొడిగావట కదా, ఊరి బయట నా బండెక్కి బాత్ పట్టణం దాకా అదే చెప్పుకుని మురిసిపోయాడు."