మూడో మనిషి నీళ్లు

గండికోట లోయలో పెన్నా ఎండిపోయి పాతికేళ్లయింది. ఇప్పుడది ఎడారి పార్కు. లోపల నడవాలన్నా, గుడారం వేసుకోవాలన్నా ముందుగా ఫారం నింపాలి. బయటి నీళ్లు తీసుకుపోనివ్వరు. మనిషి బరువును బట్టి, కిలోకు నూరు మిల్లీలీటర్ల చొప్పున, రెండు రోజులకూ కలిపి నీళ్లు గేటు దగ్గరే కొలిచి ఇస్తారు.

నాగవేణి, ఆమె తమ్ముడు ఓబులేసు వంటింట్లో కూర్చుని టోపీలు, బూట్లు, ఎండు జొన్నరొట్టెలు సర్దుతున్నారు. పక్కనే గుడ్డమూటలో నాయన అస్థికలున్నాయి. పెన్నాలోనే కలపమని పోతూ పోతూ చెప్పినాడు.

"ఇసకలో కలుపుతాం సరే, నీళ్లొదలకుండా ఎట్లక్కా? తాగేదానికి తప్ప ఇయ్యరంట. మన వంతులోంచి పోద్దామా?"

"ఒకరి వంతు నీళ్లు నాయన ఏనాడన్నా ముట్టినాడా?" అని కసిరింది నాగవేణి.

ఫోన్లో ఫారం తెరిచి ఇద్దరి పేర్లూ రాసింది. మూట వైపు చూసి, కింద నాయన పేరు రాసింది. ఫారం బరువు అడిగింది. నాగవేణి మూట తీసి కూరగాయల కాటా మీద పెట్టింది. రెండు కిలోలు.

మూడో మనిషి వంతు తెర మీద కనబడింది: రెండు వందల మిల్లీలీటర్లు.

ఓబులేసు రెండు చేతులూ దగ్గరికి చేర్చి చూసుకున్నాడు.

"దోసెడొస్తాయక్కా."

"చాలు. అవి ఆయనవే."