పొట్టు కోసం వచ్చిన బాబు

బైకు మీంచి పడ్డ కొడుకు బాబీ బతుకుతాడో లేదో తెలియక, సువార్తమ్మ ఏలూరు ఆసుపత్రి గోడకు చేరగిలబడి ప్రార్థన చేసుకుంటోంది.

డాక్టర్ జ్యోత్స్న బయటికి వచ్చింది.

“గట్టెక్కాడమ్మా. కాలేయం చీలింది. ఎంత అదిమిపట్టినా నెత్తురు ఆగలేదు. జెల్ పెడితే ఆగింది.”

“మళ్లీ కోసి తియ్యాలాండీ దాన్ని?”

“అక్కర్లేదు. ఒంట్లోనే కరిగిపోతుంది. రొయ్య పొట్టుతో చేసింది.”

సువార్తమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కైకలూరు రొయ్యల షెడ్డులో ఆమె ఒలిచి పారబోసిన పొట్టు ఎన్ని బండ్లో.

ఆ పొట్టు కోసమే ఒకాయన వచ్చేవాడు. ఫణికిరణ్ అని, చదువుకున్న బాబు. తాజాది కావాలంటూ తానే కూర్చుని ఏరుకునేవాడు. మండుటెండలో కూడా మోచేతుల దాకా మందపాటి రబ్బరు తొడుగులు.

“చేతులక్కూడా చొక్కా తొడిగారేటండీ బాబుగారూ?” అని ఆడవాళ్లు ఆటపట్టించేవారు.

“అలవాటండీ” అని ఆయనా నవ్వేవాడు.

ఎంత బాగుండేవి ఆ పొద్దులు. చేతులు రొయ్యల మీద, నోళ్లు కబుర్ల మీద. ఆయన రాని రోజున షెడ్డు బోసిపోయేది.

ఒక క్రిస్మస్‌కి సువార్తమ్మ ఇంట్లో వండిన అరిసెలు తెచ్చి పెట్టింది. ఆయన తొడుగు తియ్యకుండానే అందుకున్నాడు.

ఆమెకు చురుక్కుమంది.

“మా చెయ్యి తగిల్తే మైలపడిపోతారాండీ? రేపట్నించి రాకండి. పొట్టు గోతిలో పూడ్చుకుంటాం.”

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం కదా. ఆయన ఆ అరిసెలు పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

“డాక్టరమ్మా, ఈ మందు చేసినాయన పేరేటండీ?”

“ఫణికిరణ్ గారు. నాకు పాఠాలు చెప్పారు. పోయినేడు కాలం చేశారు.”

సువార్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డను బతికించిన మనిషికి దణ్ణం పెట్టుకునే వీలు కూడా లేదు. అయినా పాత బాధ నోటికి వచ్చింది.

“మా రొయ్యల షెడ్డుకి పొట్టు కోసం వచ్చేవోరు. మంచోరేనండీ. మేమంటేనే రోత. తొడుగు తీసి మమ్మల్ని తాకేవోరు కాదు.”

జ్యోత్స్న ఆమె పక్కన కూర్చుంది.

“రోత కాదమ్మా. ఒక్క రొయ్య ముల్లు గీరుకున్నా ఆయనకి నెత్తురు ఆగేది కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు. తెలిస్తే మీరంతా భయపడి షెడ్డులోకి రానివ్వరని మీకు చెప్పలేదట.”