ఇంటాయన కమ్మ

ఖతర్ తీరానికి దూరంగా ఉన్న ఆ దీవిలో ఒకప్పటి జాలరుల రాతి ఇళ్ళు ఐదు మిగిలాయి. మనుషులు ఎప్పుడో వెళ్ళిపోయారు. వాటికి మళ్ళీ ఖర్జూరపు కమ్మలు కప్పే పని కంపెనీ లింబన్నకిచ్చింది. ఊళ్ళో గుడిసెలు కప్పిన చెయ్యి అతనిది. పైనున్నవాడు కమ్మ పరిచి, తాడు కొస లోపలికి వదిలి రెండుసార్లు గుంజితే, కిందున్నవాడు ముడి వేస్తాడు. చివరి కమ్మ మాత్రం ఇంటాయనే వేసుకోవాలని ఊరి ఆచారం. ఆ అలవాటు కొద్దీ లింబన్న ప్రతి కప్పులోనూ కమ్మ పట్టేంత సందు వదిలేశాడు.

ఆ రాత్రి కాపలాకు అతనొక్కడే. టార్చి వేసి చూస్తే మొదటి ఇంటి కప్పులో సందు కమ్మతో మూసి, లోపల ముడి వేసి ఉంది. రెండోదీ, మూడోదీ, నాలుగోదీ అంతే.

సూపర్‌వైజర్ వెస్లీకి ఫోన్ చేశాడు.

"సార్, ఈడ ఎవలో ఉన్నరు. బోట్ పంపుండ్రి."

"సముద్రం బాగోలేదు లింబన్నా. పొద్దున్నే వస్తాం. తలుపేసుకుని పడుకో."

ఐదో ఇంట్లో దూరి తలుపేసుకున్నాడు. నెత్తిమీది సందులో నాలుగు చుక్కలు కనిపిస్తున్నాయి. కాసేపటికి కప్పు మీద కమ్మ ఈడుస్తున్న చప్పుడైంది. చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

తాడు కొస మెల్లగా అతని మొహం మీదికి దిగింది.

ఆ నాలుగిళ్ళలో లోపలుండి ముడి వేసిందెవరు?

తాడు రెండుసార్లు కదిలింది. లింబన్న వద్దనుకుంటూనే ఉన్నాడు. చేతులు మాత్రం వాటంతటవే లేచాయి.