గాజుపెట్టెలో కడియం

కడియం కొట్టేయడానికి రాజేందర్‌కు ఆరు నెలలు పట్టింది. దొంగతనానికి పట్టింది అయిదు నిమిషాలే. మిగతాదంతా పని నేర్చుకోవడానికే పోయింది.

మాదాపూర్‌లో జాయ్స్ మేడమ్ వర్క్‌షాప్‌కు అతను మొదట వెళ్లింది వైరింగ్ పని మీద. ఆవిడ నగలు చేస్తుంది, కానీ బంగారం ముట్టదు. రాగి రేకు, ఇత్తడి తీగ, అల్యూమినియం ముక్క, ఏది దొరికితే దానితోనే. కొత్తగా లేచిన సైబర్ టవర్స్‌లో పనిచేసే అమ్మాయిలు వాటిని ఎగబడి కొంటారు. అన్ని చవక లోహాల మధ్య గాజుపెట్టెలో ఒక్క కడియం మాత్రం పచ్చగా మెరుస్తోంది.

"అది అమ్మేది కాదండీ" అనేది ఆవిడ, ఎవరడిగినా.

చందానగర్‌లో ఎప్పటికైనా పెట్టాలనుకున్న సొంత ఎలక్ట్రికల్ దుకాణం రాజేందర్ కళ్ల ముందు కదిలింది.

మర్నాడే వచ్చి, "మేడమ్, నాకు జర పని నేర్పుతరా?" అన్నాడు.

"బందరులో మా గురువుగారిని నేనూ ఇలాగే అడిగాను. కూర్చో" అంది.

రాగిని కాల్చి మెత్తబరచడం, ఇత్తడిని బంగారమనిపించేదాకా రుద్దడం అన్నీ నేర్పింది. ఏదీ దాచుకోలేదు. "అతుకు కనిపించకూడదు రాజేందర్, కనిపిస్తే దొరికిపోతావ్" అన్నప్పుడల్లా అతనికి గుండె జారేది.

శనివారాలు కడియం తుడిచే పని అతనిదే. కొలతలన్నీ అప్పుడే తీసుకున్నాడు. ఇత్తడితో అచ్చం అలాంటిదే చేసి, బరువు కోసం లోపల సీసం పోశాడు. ఒక మధ్యాహ్నం ఆవిడ బయటికెళ్లగానే మార్చేశాడు.

అమ్మడానికి పట్టుకెళ్తే, పాతబస్తీ సేటు గీటురాయి మీద ఒక్క గీత గీసి నవ్వాడు.

"ఇత్తడి భయ్యా. పని మాత్రం ఫస్ట్‌క్లాస్."

రాజేందర్ తల పట్టుకున్నాడు. తొందరలో తను చేసిందే మళ్లీ జేబులో వేసుకొచ్చినట్టున్నాడు! అసలుది ఇంకా పెట్టెలోనే ఉందన్నమాట.

మర్నాడు పెట్టెలో చెయ్యి పెట్టాడో లేదో, వెనక నుంచి జాయ్స్ గొంతు వినిపించింది. "ఇప్పుడు మళ్లీ ఎందుకు మారుస్తున్నావ్?"

రాజేందర్ ఏడ్చేశాడు. "తప్పయింది మేడమ్. మీ బంగారంది పెట్టెలనే ఉన్నది. నేను చేసింది ఇగో, నా జేబుల..."

"కాదు, పెట్టెలోదే నువ్వు చేసింది. పాతదాని అతుకు ఎక్కడుందో నాకు తెలుసు, అందుకే నిన్న చూడగానే పట్టేశాను. నీదానికి భూతద్దం పెట్టి వెతికినా అతుకు దొరకలేదు, తెలుసా?" ఆవిడ కళ్లలో కోపం లేదు. "ఏడుపు ఆపి పనిలో కూర్చో. రేపటి నుంచి కొత్తగా చేరేవాళ్లకు అతుకు పని నువ్వే నేర్పాలి."

రాజేందర్‌కు ఏమీ అర్థం కాలేదు. జేబులోని కడియం తీసి చూపించాడు.

"మరి గిది గూడ ఇత్తడే అన్నడు గద సేటు! గిది ఎవరు చేసిన్రు మేడమ్?"

జాయ్స్ దాన్ని అందుకుని చీరకొంగుతో తుడిచింది.

"నేనే. ఇరవయ్యేళ్ల వయసులో, మా గురువుగారి బంగారు కడియం కాజేసి దాని చోట పెట్టడానికి. అతుకు కనిపించి దొరికిపోయాను."