మంచంకోడులో చప్పుడు

ప్రేమ్‌కుమార్ వస్తూనే చెప్పులు విప్పి, మోకాళ్ల మీద వంగి, పనసకర్ర మంచంకోడుకు చెవి ఆనించాడు. కనక మంచానికి అవతల అదే కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది.

లోపల కిర్రు కిర్రుమంది.

"ఉంది. ఇంకా కర్ర తింటోంది" అన్నాడు.

"అయితే కూసో బాబూ, కాఫీ ఎడతాను."

ఇదంతా పోయిన ఏడాది మొదలైంది. ఆ మంచంలోంచి పొడుగు మీసాల పురుగొకటి బయటికొచ్చి ఎగిరిపోతుంటే, కాఫీ తోటల ప్రసాద్ ఫొటో తీసి విశాఖపట్నం పంపాడు. అది చూసి పురుగుల మేష్టారు ఈ ప్రేమ్‌కుమార్ రైలెక్కి అరకు వచ్చేశాడు. ఇలాంటిది ఈ కొండల్లో ఇంతవరకు ఎవరూ పట్టలేదట. ఫొటోతో పేరు తేలదట. కోడులో ఇంకోటి ఉంది గానీ, రెక్కలొచ్చి బయటపడితేనే ఫలానా అని చెప్పగలడట.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం వస్తాడు. చెవి పెడతాడు, కాఫీ తాగుతాడు, పొద్దు వాలేదాకా కబుర్లు చెబుతాడు. మొగుడు మంగ్లు పోయాక ఆ ఇంట్లో కాసేపు కూర్చున్న మనిషి ఇతనొక్కడే.

"ఇంటికాడ ఎవులున్నారు బాబూ?" అని ఒకసారి అడిగింది.

"నేనూ, డబ్బాల్లో పురుగులూ."

కనక నవ్వింది. పురుగు దొరికితే ఇక రాడు కదా అని ఆ వెంటనే దిగులు పడింది.

తొలకరికి అది రానే వచ్చింది. కనక దాన్ని కొంగుతో పట్టుకుని, కాసేపు చూసి, తోటలో వదిలేసింది. కోడుకు పడ్డ కన్నాన్ని మైనంతో పూడ్చింది. ఆనాటి నుంచీ ఆ కిర్రు కిర్రు కోడును గీరే ఆమె గోరుదే. తప్పని తెలుసు. అయినా ఆదివారం కావాలి.

ఒకసారి ప్రేమ్‌కుమార్ ఆ మైనం మీద వేలితో నిమిరాడు. ఆమె గోరు కోడు మీదే ఆగిపోయింది. "మంచాన్ని బాగా చూసుకుంటున్నారమ్మా" అన్నాడంతే.

ఈ ఆదివారం ఏదో జీపు దొరికి పెందరాళే వచ్చేశాడు. కనక వంటింట్లో ఉంది. రెండు చేతులూ చోడిపిండిలో ఉన్నాయి. తల తిప్పేసరికి అతను అప్పటికే వంగి, చెవి ఆనించేశాడు.

ఇల్లంతా నిశ్శబ్దం. ఇంతే, అయిపోయిందనుకుంది కనక. గుమ్మం దాకా వచ్చింది.

అతను చాలాసేపు విన్నాడు. తలెత్తి, పిండి చేతులతో గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూశాడు.

"వినిపిస్తోందమ్మా, ఇంకా లోపలే ఉంది, వచ్చే ఆదివారం కూడా రావాలి."